హేగ్ దాకా వెళ్లిన తరగతిగది ఆలోచన: ఇందులో నాయకత్వం ఎవరిది?

ప్రశ్న: న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

అందరికీ నమస్కారం. వాతావరణ న్యాయ ఉద్యమంలో యువత పాత్రపై మా కళాశాలలో నేనొక పత్రం సమర్పించవలసి ఉంది. వాతావరణ మార్పు విషయంలో దేశాలకున్న బాధ్యతలపై అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జూలై 23న వెలువరించిన సలహాపూర్వక అభిప్రాయాన్ని ఉదాహరణగా ఎంచుకున్నాను. 2019లో పసిఫిక్ ద్వీప దేశమైన వనువాటు రాజధాని పోర్ట్ విలాలో, దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది విద్యార్థులే దీనికి మూలమని చదివాను. అయితే ఐక్యరాజ్యసమితిలో తీర్మానాన్ని నడిపించింది వనువాటు ప్రభుత్వం. ఆ న్యాయస్థానం ఉన్న హేగ్‌ నగరంలో వాదనలు వినిపించింది దేశాలు. అలాంటప్పుడు దీనిని విద్యార్థుల నాయకత్వం అనవచ్చునా, లేక ఒక చిన్న దేశం తన దౌత్యానికి యువత పేరు వాడుకున్నదనాలా? మా మాస్టారు రెండవదే నిజమంటున్నారు.

సమాధానం 1: న్యాయవాది, హైదరాబాద్

మీ మాస్టారి సందేహం సహేతుకమైనదే కాని, ఆ న్యాయస్థానం తలుపు ఎవరికి తెరుచుకుంటుందో ముందు చూడాలి. వ్యక్తులు గాని, సంఘాలు గాని అక్కడికి నేరుగా వెళ్లలేరు. సలహాపూర్వక అభిప్రాయం కోరాలంటే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ వంటి అధీకృత సంస్థ తీర్మానించాలి. కనుక విద్యార్థులు ఒక ప్రభుత్వాన్ని ఒప్పించడం తప్ప వేరే దారి లేదు. అలా ఒప్పించడమే వారి నాయకత్వమని నా అభిప్రాయం.

ఈ ఆలోచన వారికే మొదట వచ్చిందనుకోకండి. 2011లో పలావు దేశం ఇదే ప్రయత్నం తలపెట్టింది గాని, అది తీర్మానం దాకా రాకుండానే ఆగిపోయింది. పోర్ట్ విలా విద్యార్థులు అందుబాటులో ఉన్న న్యాయమార్గాలన్నింటినీ తరగతిలో పరిశీలించి, వాటిలో ఇదే బలమైనదని తేల్చుకుని, పసిఫిక్ దేశాల నాయకులకు లేఖలు రాశారు. వనువాటు ముందుకు వచ్చింది. ఆ తరువాత సంఘంగా ఏర్పడి, ఇతర ఖండాల యువతను కలుపుకుని, సంవత్సరాల తరబడి దేశాల మద్దతు కూడగట్టారు. 2023 మార్చి 29న 130కి పైగా దేశాలు సహ ప్రతిపాదకులుగా నిలిచిన తీర్మానం, ఓటింగ్ కూడా అవసరం లేకుండా, ఏకాభిప్రాయంతో ఆమోదం పొందింది. ఆ నెల మొదట్లోనే వనువాటును రోజుల వ్యవధిలో రెండు తుఫానులు తాకాయన్నది కూడా మరచిపోకూడదు.

న్యాయస్థానాన్ని రెండు ప్రశ్నలు అడిగిన ఆ తీర్మానం పాఠాన్ని ఒకసారి చదవండి. హాని కలిగించిన దేశాలకు ఎదురయ్యే న్యాయపరమైన పర్యవసానాలను అడిగే రెండవ ప్రశ్నలో, చిన్న ద్వీప దేశాలతో పాటు, ‘ప్రస్తుత, భావి తరాల’ ప్రజల ప్రస్తావన విడిగా ఉంది. నాకైతే అక్కడ విద్యార్థుల చేతిరాత కనిపిస్తుంది. ఇంకొక సవరణ: హేగ్‌లో మాట్లాడినవారంతా ప్రభుత్వ న్యాయవాదులే కారు. 2024 డిసెంబర్ 2న విచారణ మొదలైన రోజునే, ఆ 27 మందిలో ఒకరైన సాలమన్ దీవుల యువతి సింథియా హౌనిఉహి న్యాయమూర్తుల ముందు మాట్లాడారు.

సమాధానం 2: విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

అమ్మా, న్యాయవాదిగారు చెప్పింది బాగుంది. కాని ఆ అభిప్రాయం ఎవరినీ కట్టిపడేయదు కదా! మన దేశం సంగతే చూడండి. ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే తొమ్మిదేళ్ల వయసులో, 2017లో, వాతావరణ మార్పుపై ప్రభుత్వం తగిన చర్య తీసుకోవడం లేదని జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయిస్తే 2019లో ఆ దరఖాస్తును కొట్టివేశారు. హేగ్ విచారణలో భారత ప్రభుత్వం కూడా చారిత్రక ఉద్గారాల భారం సంపన్న దేశాలదేనని, ఉన్న ఒప్పందాలను మించి కొత్త బాధ్యతలు సృష్టించవద్దని వాదించింది. ఆ వాదనలో మొదటి సగం న్యాయమైనదేనని నేనూ ఒప్పుకుంటాను. కాని పిల్లల మాట చివరికి ఎక్కడ నిలిచినట్టు?

సమాధానం 3: న్యాయవాది, హైదరాబాద్

మాస్టారూ, కట్టిపడేయదన్నది నిజం. అయినా బాధ్యతలు వాతావరణ ఒప్పందాలకే పరిమితమన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. శిలాజ ఇంధనాల ఉత్పత్తి, అన్వేషణ లైసెన్సులు, సబ్సిడీల విషయంలో తగిన చర్య తీసుకోకపోవడం అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమైన చర్య కావచ్చునని ఏకగ్రీవంగా చెప్పింది. రేపు ఏ దేశపు కోర్టులోనైనా న్యాయవాదులు ఈ పేరాలనే ముందు పెడతారు. మన సుప్రీంకోర్టు కూడా, అంతరించిపోతున్న బట్టమేక పిట్టల రక్షణ కేసులో, 2024లో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కును రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల్లో గుర్తించింది. రిధిమ దరఖాస్తు నాటికి ఆ తీర్పు లేదు.

కట్టుబడే తీర్పే కావాలంటే మోంటానాను చూడండి. అమెరికాలోని ఆ రాష్ట్రంలో 16 మంది పిల్లలు, యువకులు వేసిన దావాలో, పర్యావరణ సమీక్షల్లో ఉద్గారాలను లెక్కలోకి తీసుకోకూడదన్న చట్టాన్ని 2023 ఆగస్టులో కోర్టు కొట్టివేసింది. 2024 డిసెంబర్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. అక్కడ పరిశుభ్రమైన పర్యావరణ హక్కు రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది కనుక వాదులకు పట్టు దొరికింది. పసిఫిక్ విద్యార్థులకు అలాంటి ఆధారం లేదు. అందుకే వారు ప్రశ్ననే తయారు చేసుకోవలసి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పలావు సంగతి నాకు తెలియదు. పత్రంలో ఇప్పుడు పలావునూ వనువాటునూ పక్కపక్కన పెట్టి, 2011లో ఆగిన చోటు నుంచి విద్యార్థులు ఏమి అదనంగా చేశారో రాస్తాను. మా మాస్టారికి రెండవ ప్రశ్న పాఠాన్ని రేపే చూపిస్తాను.