అప్‌డేట్: కోరిడోరాస్, చెర్రీ రొయ్యలు ఒకే తొట్టిలో

60 లీటర్ల తొట్టిలో కోరిడోరాస్ చేపలనూ చెర్రీ రొయ్యలనూ కలిపి పెంచవచ్చా, అడుగున ఇసుక వేయాలా గులకరాళ్లా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే సన్నని ఇసుక వేశాను. ఎంత మంచి సలహా! ఆరు కోరిడోరాస్ చేపలూ మూతిని కళ్లదాకా ఇసుకలో దూర్చి, మేత ఏరుకుని, ఇసుకను మొప్పల గుండా వదిలేస్తున్నాయి. గరుకు రాళ్లయితే వాటి మూతి దగ్గరి సున్నితమైన మీసాలు దెబ్బతినేవి.

నీటిలో చేపలకు విషమైన అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాకే చేపలను తెచ్చాను. స్పాంజి ఫిల్టర్ కాబట్టి రొయ్యపిల్లలను లాగేస్తుందన్న భయం లేదు. అనూబియాస్ అనే నీటి మొక్క దుంపను ఇసుకలో పాతకుండా కొయ్యకు దారంతో కట్టాను, కొత్త ఆకు వస్తోంది. నిన్న జావా నాచులో ఒక తల్లి రొయ్య కనిపించింది! పొట్ట కింది పసుపు గుడ్లను కాళ్లతో ఆడిస్తూనే ఉంది.

చేపలకు మందు వేసేవారు అందులో రాగి ఉందేమో తప్పక చూడండి. రొయ్యలకు అది విషం.