పాత మ్యూజియం బంగళా భూకంపానికి తట్టుకోవాలంటే స్లాబ్ వేయాల్సిందేనా?

లంక కుర్రోడు:
అమలాపురం దగ్గర మా ఊళ్ళో నూరేళ్ళు దాటిన బంగళాలో చిన్న మ్యూజియం నడుపుతున్నామండి. తాళపత్రాలు, పాత పడవ సామాన్లు, నాలుగు రాతి విగ్రహాలు. మూరెడు మందం గానుగ సున్నం గోడలు, టేకు దూలాలు, పైన పెంకులు, ముందు గుండ్రటి స్తంభాల వరండా. కాంట్రాక్టరొకాయన వచ్చి పెంకులు తీసేసి స్లాబ్ పోద్దాం, గోడలకి సిమెంటు కొడదాం, ఇక భూకంపం వచ్చినా కదలదు అన్నాడు. కమిటీలో సగం మంది సరే అనేశారు, నాకే మనసొప్పట్లేదు. అసలు మన వైపు ఆ భయం ఉందా? ఉంటే బంగళా రూపం పోకుండా ఏం చేయొచ్చు?

గోదారి మాస్టారు:
స్లాబ్ మాత్రం వద్దు తమ్ముడూ. భయం ఉందా అంటే, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. పైగా మనది ఒండ్రు నేల, కొంచెం తవ్వితే నీళ్ళు. రాతి నేల కన్నా ఇక్కడ ఊపు ఎక్కువ ఉంటుంది, అందుకని ముందు మట్టి పరీక్ష చేయించండి.

నేల ఊగినప్పుడు పైన బరువు ఎంత ఉంటే గోడ మీద పక్కకి తోపు అంత. స్లాబ్‌తో బరువు పెరుగుతుంది, కింద గోడ బలం మాత్రం పాతదే. 1997లో ఇటలీలో ఉంబ్రియా వైపు కాంక్రీటు కప్పులు వేసిన పాత రాతి ఇళ్ళు కొన్ని అలాగే బాగా దెబ్బతిన్నాయి. ఇలాంటి బంగళాల్లో గోడలు మూలల దగ్గర విడిపోయి దేనికది బయటికి వాలిపోతాయి, కాబట్టి వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచడమే అసలు పని. దూలాల మట్టంలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనుప కడ్డీలు వేసి బయట బిళ్ళలతో బిగించాలి, దూలం కొసలు గోడలో ఊరికే ఆని ఉంటాయి గనక పట్టీలతో కట్టేయాలి. అటక చెక్కల మీద అడ్డంగా ఇంకో వరస కొడితే గోడలన్నీ కలిసి ఊగుతాయి. ఇవేవీ వరండా అందాన్ని పాడుచేయవు. ఐఎస్ 13935 అని ఇలాంటి కట్టడాలకే భారతీయ ప్రమాణం ఉంది, ఆ కాంట్రాక్టరు చూశాడేమో అడగండి.

పెంకుటిల్లు:
సిమెంటు కూడా వద్దండి. మా మండువా ఇంట్లో కింద మూడడుగులు కొట్టించాం, రెండు వానాకాలాలకే చెమ్మ లోపల ఉండిపోయి పైన ఉప్పు పూసింది, గోరుతో గీకితే ఇటుక పొడిపొడిగా రాలింది. అదంతా చెక్కించి మళ్ళీ సున్నమే పెట్టించాం. మాస్టారూ, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో సిటీ హాల్ కింద పెట్టినట్టు, నేల ఊపు కట్టడానికి ఎక్కకుండా ఆపే రబ్బరు దిండ్లు ఇక్కడ పనికిరావా?

గోదారి మాస్టారు:
అక్కడ 500 పైనే పెట్టారమ్మా, ఆ ఖర్చు ఊరి మ్యూజియం మోయలేదు. పైగా మెత్తటి నేల నెమ్మదిగా, పెద్దగా ఊగుతుంది, ఆ ఊపుకి దిండ్లు అంత మేలు చేయవు. తమ్ముడూ, విగ్రహాలను ఈ వారమే గోడకి కట్టేయండి, బీరువా అరలకు అంచు పట్టీ కొట్టండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

లంక కుర్రోడు:
ఆయ్, ఇప్పుడే అటకెక్కి చూశానండి. ఈశాన్యం మూల దూలం కొస చెద తినేసింది, గోడకీ దానికీ మధ్య నా రెండు వేళ్ళు దూరాయి. ఫోటో పెడుతున్నాను, ముందు దీని సంగతి చెప్పండి మాస్టారూ.