నాలుగో కాల్పుకే తెగిపోతున్న .303 ఇత్తడి కేసులు: లోపం ఎక్కడ?

ప్రశ్న

నాది లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిలు. గురి సాధనకు మాత్రమే వాడతాను. కొత్త ఇత్తడి కేసులు (మందును, గుండును పట్టి ఉంచే తూటా గొట్టాలు) కొని, కాల్చిన ప్రతిసారీ డైలో (కేసును మళ్లీ అసలు ఆకారానికి తెచ్చే అచ్చులో) పూర్తిగా నొక్కి, మళ్లీ నింపుకుంటున్నాను. మూడు కాల్పుల వరకు ఏ ఇబ్బందీ లేదు. నాలుగోసారి బోల్టు (తూటా వెనుక మూసే కడ్డీ) లాగితే కేసు అడుగు ఒక్కటే చేతికి వచ్చింది, మిగతా గొట్టం తూటా కూర్చునే గదిలో, అంటే ఛాంబర్‌లోనే ఉండిపోయింది. మందు మోతాదు చేతిపుస్తకంలోని కనిష్ఠానికి దగ్గరగానే ఉంది. కేసులు నాసిరకమా, రైఫిలు పాడైందా?

జవాబు

ముందుగా ఒక మాట. ఆ పెట్టెలో మిగిలిన కేసులను పరీక్షించకుండా ఒక్కటి కూడా కాల్చకండి. ఒకటి తెగిందంటే, దానితోపాటు అన్నిసార్లు కాల్చినవన్నీ తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ రైఫిలు ముట్టుకోవద్దు. కేసు తెగినచోటి నుంచి వేడి వాయువు వెనక్కి వస్తే అది నేరుగా ముఖం మీదికే వస్తుంది.

మీ కేసులూ రైఫిలూ రెండూ బాగానే ఉండి ఉండవచ్చు. నా అనుమానమంతా మీ డై మీదే.

.303 కేసు ఛాంబర్‌లో ఆగేది అడుగున ఉన్న అంచు వల్ల, భుజం (గొట్టం సన్నబడి మెడగా మారే చోటు) వల్ల కాదు. బురద, దుమ్ము పట్టిన తూటా కూడా యుద్ధభూమిలో ఇరుక్కోకూడదని సైన్యం ఛాంబర్లను వదులుగా తొలిపించింది. దాంతో కొత్త కేసు భుజానికీ ఛాంబర్ భుజానికీ మధ్య ఖాళీ మిగులుతుంది. పిన్ను కొట్టగానే కేసు ముందుకు జరిగి అంచు దగ్గర ఆగుతుంది. మందు అంటుకుని ఒత్తిడి పెరిగితే, పలుచగా ఉన్న ముందు గోడలు ఉబ్బి ఛాంబర్‌ను గట్టిగా పట్టుకుంటాయి. మందంగా ఉన్న అడుగు మాత్రం బోల్టు ముఖం తగిలేదాకా వెనక్కి జరుగుతుంది. ఈ రెంటి మధ్య, అడుగుకు కాస్త పైన ఉన్న గోడ సాగక తప్పదు. ఈ రైఫిలు బోల్టు తాళం పడేది వెనుక భాగంలో కాబట్టి, కాల్పు ఒత్తిడికి బోల్టు కూడా కొద్దిగా నొక్కుకుపోతుంది. ఆ మేరకు సాగుడు ఇంకా పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. హెడ్‌స్పేస్‌కు, అంటే అంచు ఆనే చోటుకూ బోల్టు ముఖానికీ మధ్య దూరానికి, కనిష్ఠ కొలత 0.064 అంగుళం, వాడకంలో ఉన్న రైఫిలుకు గరిష్ఠం 0.074. మీ రైఫిలుది 0.070 అనుకుందాం. కేసు అంచు మందం 0.058 అయితే తేడా 0.012 అంగుళం, అంటే 0.3 మిల్లీమీటరు. మొదటి కాల్పులో అంత సాగిన కేసు అప్పటికి మీ ఛాంబర్ ఆకారానికి వచ్చేస్తుంది. మీరు దాన్ని డైలో పూర్తిగా నొక్కి భుజాన్ని మళ్లీ వెనక్కి తోస్తున్నారు. తరువాతి కాల్పులో అదే చోట అదే గోడ మళ్లీ సాగుతుంది.

కాబట్టి మెడ మాత్రమే బిగించే డై వాడండి. పూర్తి డై తప్ప వేరేది లేకపోతే, దాన్ని కాస్త పైకి తిప్పి, బోల్టు మూసుకోవడానికి సరిపడా మాత్రమే నొక్కండి. ఒక రైఫిలులో కాల్చిన కేసులు ఆ రైఫిలుకే ఉండాలి. ఇది పాటించడం మొదలుపెట్టాక నా కేసులు పది కాల్పులు దాటుతున్నాయి. అంతకుముందు మీలాగే నాలుగైదుకే పారేసేవాణ్ణి.

ప్రశ్న అడిగినవారు

అద్దాలు పెట్టుకునే ఉన్నానండి, ఏమీ కాలేదు. మరి కొత్త కేసు మొదటి కాల్పులోనే అంత సాగుతుంటే దాన్ని ఆపే మార్గం లేదా? లోపల పలచబడిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు

మార్గం ఉంది. కేసుకు బిగుతుగా పట్టే చిన్న రబ్బరు రింగును అంచు వరకు తోసి, ఆ తూటాను ఛాంబర్‌లో పెట్టి మెల్లగా బోల్టు మూయండి. రబ్బరు నలుగుతున్నట్టు చేతికి కొంచెం తెలియాలి, బలం పెట్టాల్సి రాకూడదు. ఆ రబ్బరు కేసును వెనక్కి, బోల్టు ముఖానికి ఆనించి పట్టుకుంటుంది. ఇక అడుగు జరగడానికి చోటు ఉండదు కాబట్టి, కేసు భుజం ముందుకు ఉబ్బి ఛాంబర్‌ను నింపుతుంది. తేలికపాటి మోతాదుతో ఈ ఒక్క కాల్పు చాలు, తరువాత రింగు అక్కరలేదు.

పరీక్షకు పేపర్ క్లిప్పు సరిపోతుంది. దాన్ని తిన్నగా చేసి, కొసను చిన్న కొక్కెంలా వంచి, కొంచెం పదును పెట్టండి. కేసు లోపల అడుగు నుంచి గోడ వెంబడి నెమ్మదిగా పైకి లాగండి. గోడ బాగుంటే కొస నున్నగా జారుతుంది. పలచబడినచోట చిన్న గాడిలో పడి టక్కున ఆగుతుంది. అలా ఆగితే ఆ కేసును నలగగొట్టి పారేయండి. బయట అదే ఎత్తులో చుట్టూ మెరిసే గీత కూడా ఒక సూచనే. కానీ డై అంచు కూడా అలాంటి గీతే పెడుతుంది, కనుక క్లిప్పు చెప్పిందే నమ్మండి.

ఇంకొకరు

నంబర్ 4 రైఫిలుకు బోల్టు తలలు (బోల్టు ముందు కొసన విడిగా బిగించే ముక్కలు) 0 నుంచి 3 వరకు అంకెలతో వచ్చాయి. పెద్ద అంకె తల వేస్తే ఖాళీ తగ్గుతుంది కదా?

జవాబు

తగ్గవచ్చు. కానీ పాత తలలు అరిగి ఉంటాయి. అంకెను నమ్మకుండా కొలిచి చూడాలి, మార్చాక గేజితో తనిఖీ చేయాలి. కొలతలు హద్దులోనే ఉంటే నేనైతే రైఫిలును కదపను. డై సరిచేస్తే వచ్చే లాభమే ఎక్కువ.

అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. కాల్చే ముందు ఛాంబర్‌ను పొడిగా తుడవండి. కేసుకు నూనె రాస్తే సాగదని కొందరు సలహా ఇస్తారు. గోడలకు పట్టు తప్పితే ఆ భారమంతా బోల్టు మీద పడుతుంది. వందేళ్లకు దగ్గరపడుతున్న ఉక్కుకు ఆ పరీక్ష పెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇరవై కేసులకు క్లిప్పు పెట్టి చూశాను, పదమూడింటిలో కొస ఆగింది. మిగతా ఏడింటిలో రెండింటికి మెడ దగ్గర నిలువుగా సన్నటి పగులు ఉంది. ఇదీ సాగుడు వల్లేనా?

జవాబు

కాదు. ఇత్తడిని ఉబ్బించి, నొక్కి, మళ్లీ ఉబ్బిస్తుంటే గట్టిపడి పెళుసవుతుంది. నాలుగైదు కాల్పులకు ఒకసారి మెడను, భుజాన్ని మంట మీద తిప్పుతూ వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. మసక వెలుతురులో చేయండి, ఎరుపు లీలగా కనబడబోతుండగానే తీసేయాలి. అడుగు భాగానికి వేడి తగలకూడదు. అది మెత్తబడితే ఆ కేసు ప్రమాదకరం. నేను పళ్లెంలో నీళ్లు పోసి, కేసులను సగం దాకా మునిగేలా నిలబెట్టి చేస్తాను.

మెరుగు పెట్టడానికి అమ్మోనియా ఉన్న ద్రావణం వాడుతుంటే వెంటనే మానండి. ఒకప్పుడు భారతదేశంలో బ్రిటిష్ సైన్యం వానాకాలమంతా తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. తీసి చూస్తే ఎన్నో కేసులు పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, కేసు తయారీలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఇత్తడిని చీల్చాయని 1921లో గానీ తేలలేదు.

ఆ రెంటినీ కూడా పారేయండి. మిగిలిన ఐదింటిని విడిగా ఒక డబ్బాలో పెట్టి, కాల్చిన ప్రతిసారీ మూత మీద ఒక గీత గీయండి. నింపే ముందు ప్రతిసారీ క్లిప్పు పెట్టి చూడండి.