పీఎఫ్ కోస్తున్నారు, కట్టడం లేదు. 26 మందిలో ఒక్కరం కూడా ఎందుకు అడగలేకపోతున్నాం?

బిల్లింగ్ కౌంటర్ (హన్మకొండ)

వరంగల్‌లో ఒక బట్టల షాపులో ఎనిమిదిన్నరేళ్లుగా బిల్లింగ్ చేస్తున్నాను. షాపు పేరు వద్దు. స్టాఫ్ మొత్తం 26 మంది. జీతం 15,000, అందులో పీఎఫ్ కింద నెలకు 1,800 కోస్తారు. మొన్న మా బావమరిది ఇంటి పనికి పీఎఫ్ డబ్బులు తీశాడని విని, నాకెంత ఉందో చూద్దామని పీఎఫ్ ఆఫీసు నంబరు 9966044425కి మిస్డ్ కాల్ ఇచ్చాను. మెసేజ్ వచ్చింది. చివరిసారి డబ్బు పడింది 19 నెలల కింద. నా జీతంలో కోసిందే 34,200. సేటు కట్టాల్సిన వాటా వేరే.

సాయంత్రం చాయ్ బండి దగ్గర అందరూ ఫోన్లు తీశారు. అందరిదీ అదే కథ. అప్పుడు చూడాలి మా వాళ్ల ఆవేశం! రేపు పొద్దున షట్టర్ లేపగానే అడుగుడే అన్నారు.

పొద్దున సేటు వచ్చి దేవుడి పటానికి దండ వేసి, "ఏం తమ్మీ, అందరూ ఇక్కడే నిలబడ్డరు?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. నా పక్కనున్నతను ఒకే చీరను మూడుసార్లు మడత విప్పి మళ్లీ మడతపెట్టాడు. నేను ప్రింటర్‌లో పేపర్ రోల్ మార్చాను. రోల్ అయిపోలేదు, అయినా మార్చాను.

ఉద్యోగం పోతుందన్న భయమా అంటే, బతుకమ్మ సీజన్‌లో బిల్లింగ్ వచ్చినవాడిని ఏ షాపైనా తీసుకుంటుంది. నా సంగతి వేరే. నాలుగేళ్ల కింద మా అమ్మ ఆపరేషన్‌కు సేటు 40,000 చేతిలో పెట్టాడు. కాగితం రాయించుకోలేదు, వడ్డీ అడగలేదు. జీతంలోంచి తీర్చేశాను కానీ ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద నిలబడ్డ మనిషి గుర్తొస్తే నోరు పెగలదు. కక్కలేను, మింగలేను. దీన్ని ఏమంటారు?

కాజీపేట జంక్షన్

ఏమంటారా, మొహమాటం అంటారు. ఆయన 40,000 అప్పిచ్చి వసూలు చేసుకున్నాడు. మీ 34,200 అడగకుండా వాడుకుంటున్నాడు. లెక్క మీరే చూసుకోండి, బిల్లింగ్‌లో ఉన్నారుగా.

పని సంగతి చెప్తాను. నెల జీతంలో కోసింది తర్వాతి నెల 15లోగా కట్టాలి. ఉద్యోగి జీతంలో కోసి కట్టకపోవడాన్ని చట్టం ఆలస్యం అనదు, నమ్మకద్రోహం అనే అంటుంది. పాత ఐపీసీలో సెక్షన్లు 405, 406. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 316. ముందు పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి, జీతం స్లిప్పులు పక్కన పెట్టుకోండి. పీఎఫ్ పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి. మీకు ఎనిమిదిన్నర అంటున్నారు, ఈ 19 నెలలు లెక్కలోకి రాకపోతే రేపు తకరారు మీకే.

పాత లెక్కలు

నేను ఒక చోట అకౌంట్స్ చూసేదాన్ని. మీ అందరికంటే ముందు తెలిసేది నా సీట్లో ఉన్నవాళ్లకే. ప్రతి నెలా పీఎఫ్ ఫైలు నేనే తయారుచేసి, చలానా తీసి సార్ టేబుల్ మీద పెట్టేదాన్ని. మొదటి నెల "పార్టీల డబ్బులు రాలేదమ్మా, ఆగు" అన్నారు. రెండో నెలా అదే. నాలుగో నెల ఆయన చెప్పడం మానేశారు, నేను అడగడం మానేశాను.

ఒకరోజు ప్యాకింగ్ అబ్బాయి వచ్చి "మేడమ్, నా పీఎఫ్ పడుతుందా?" అని అడిగాడు. "పడుతుంది" అన్నాను. పడింది అనలేదు చూడండి. అబద్ధం ఆడలేదని నాకు నేను చెప్పుకోవడానికి ఆ ఒక్క అక్షరం దాచుకున్నాను. ఆ ఉద్యోగం మానేసి మూడేళ్లయింది. ఆ అబ్బాయి ముఖం ఇప్పటికీ గుర్తే.

మీ అకౌంటెంట్‌ను తిట్టకండి. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి, చెప్తారు.

మిల్లు కాలనీ

మా బాపు ఆజంజాహీ మిల్లులో పనిచేసిండు. 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడ్డది. మిల్లులో ఏదన్నా తేడా వస్తే యూనియన్ వాళ్లు పోయి మాట్లాడేవాళ్లు, వెనక వందల మంది ఉండేవాళ్లు. బాపు గేటు దగ్గర గొంతు చించుకుని అరిచిన మనిషి. అదే బాపు తర్వాత ఒక షాపులో వాచ్‌మన్‌గా చేరి, రెండు నెలల జీతం ఆగినా సప్పుడు చెయ్యలేదు. ఎందుకే అని అడిగితే ఒకటే మాట: "మిల్లు మేనేజరు మన ఇంటికి ఎన్నడన్నా వచ్చిండా? ఈయన నీ పెండ్లికి వచ్చిండు బిడ్డా."

కాజీపేట అన్నా, చట్టం నువ్వు చెప్పింది నిజమే. పెండ్లికి వచ్చినోని మీద సెక్షన్ పెట్టుడు మాత్రం అంత సులువు కాదు.

కాజీపేట జంక్షన్

సెక్షన్ ఎవరు పెట్టమన్నారు? ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్లు "నిధి ఆప్‌కే నికట్" అని క్యాంపు పెడతారు, ఆ రోజు సెలవైతే తర్వాతి పనిదినం. ఐదారుగురు కలిసి సంతకాలు పెట్టి ఇవ్వండి, ఒక్కరి పేరే బయటపడదు. విచారణ పెట్టి వసూలు చేసే అధికారం వాళ్లకుంది, ఆలస్యానికి వడ్డీతో సహా.

బిల్లింగ్ కౌంటర్ (హన్మకొండ)

అందరికీ థ్యాంక్స్. పాత లెక్కలు మేడమ్ చెప్పినట్టు మా అకౌంటెంట్‌ను గోదాంలో ఒంటరిగా అడిగాను. కళ్లలో నీళ్లు పెట్టుకుని చలానాల జిరాక్సులు ఇచ్చింది, ఏడాదిగా హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతోందట. సంతకాలకు నాతో కలిపి నలుగురం అయ్యాం. చీర మడతపెట్టినతను ఇంకా ఆలోచిస్తున్నాడు.

27కి లీవు అడిగాను. "ఎందుకు తమ్మీ?" అన్నాడు సేటు. అమ్మను కంటి డాక్టరుకు చూపించాలని చెప్పాను. ఆయన జేబులోంచి 500 తీసి, "ఆటోకు ఉంచుకో" అన్నాడు. తీసుకున్నాను.