ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో ఓటు ఎవరికెయ్యాలి: బాగా మాట్లాడినవాళ్లకా, మనం నమ్మినదానికా?

తొలి వక్త:
1823లో మొదలైన ఈ విద్యార్థి చర్చా సంఘంలో చర్చ అయ్యాక సభ్యులు బయటికి వెళ్తూ గుమ్మంలో 'అవును' వైపు నుంచో 'కాదు' వైపు నుంచో నడుస్తారు, ఆ తలల లెక్కే ఫలితం. నేననేది ఏంటంటే, ఆ ఓటు వాదన ఎవరిది నిలబడిందన్నదానికే పడాలి. వచ్చేటప్పుడు ఏ అభిప్రాయంతో వచ్చామో దాంతోనే పోయేటట్టయితే మధ్యలో రెండు గంటలు కూర్చోవడం దేనికి?

పాత వాది:
బయటివాళ్లు అలా చదవరు కదండీ. 1933 ఫిబ్రవరి 9న "ఈ సభ ఎట్టి పరిస్థితుల్లోనూ రాజు కోసం, దేశం కోసం పోరాడదు" అన్న తీర్మానం 275–153తో నెగ్గింది. జోడ్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు అద్భుతంగా మాట్లాడాడంటారు, కానీ పత్రికలకి ఆ ఉపన్యాసం పట్టలేదు, కుర్రాళ్లు పిరికివాళ్లయిపోయారని రాశాయి, పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈకలు కూడా వచ్చాయి. నమ్మనిదానికి ఓటేసి తర్వాత "ఊరికే, వాదన బాగుందని" అంటే ఎవరు వింటారు?

తొలి వక్త:
ఆ తరం కుర్రాళ్లే ఆరేళ్ల తర్వాత యుద్ధానికి వెళ్లారు. అంటే ఆ రాత్రి ఓటు ప్రతిజ్ఞ కాదనేగా!

చివరి వరుస:
ఇద్దరూ ఆ కథలో సగమే చెప్పారు. మూడు వారాలకి చర్చిల్ కొడుకు రాండాల్ఫ్ వచ్చి ఆ తీర్మానాన్ని రికార్డుల్లోంచి కొట్టేయమని ప్రతిపాదిస్తే 750–138తో ఓడిపోయాడు. ఆ 750 మందీ యుద్ధ వ్యతిరేకులంటే నేను నమ్మను. వాళ్లలో చాలామందిది "మా సభలో మీ పెత్తనమేంటి" అన్న కోపం. అది వాదనకి పడిన ఓటూ కాదు, నమ్మకానికి పడిన ఓటూ కాదు. పైగా పక్కనున్న స్నేహితులు చూస్తుండగా గుమ్మం దాటాలాయె, మొహమాటం కూడా ఓటేస్తుంది.

కేంబ్రిడ్జ్ యూనియన్‌దీ అదే తంతు. 1965లో అమెరికా కల నల్లవాళ్లని దోచుకుని కట్టిందే అన్న అర్థం వచ్చే తీర్మానం మీద నల్లజాతి అమెరికన్ రచయిత జేమ్స్ బాల్డ్విన్ మాట్లాడాక సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, 544–164తో ఆయన పక్షం గెలిచింది. గొప్ప ఉపన్యాసమే, కాదనను. కానీ అందులో ఎంతమంది ముందే ఆయన వైపున్నారో ఆ అంకె చెప్పదు. ఇంటెలిజెన్స్ స్క్వేర్డ్ అనే సంస్థ పెట్టే బహిరంగ చర్చల్లో చేసినట్టు ముందొకసారి, తర్వాతొకసారి ఓటు పెట్టి తేడా లెక్కగడితే ఈ గొడవే ఉండదు.

పాత వాది:
దీనికి నేను సరే. అప్పుడు నమ్మకానికి నమ్మకం, వాదనకి వాదన.

తొలి వక్త:
మొదటిసారి కావాలని ఎదుటి పక్షానికి వేసి, రెండోసారి "మనసు మారిపోయింది" అంటూ మనవైపు దూకేవాళ్ల సంగతేంటి? నేనైతే అదే చేసేవాణ్ణి.