స్కార్పియో ముందు నుంచి టక్ టక్: లింక్ రాడ్లు మార్చినా పోలేదు, షాకబ్జార్లు మార్చాలా?

హన్మకొండ డీజిల్:
అన్నలూ, మాది 2016 స్కార్పియో, లక్షా ఇరవై వేలు తిరిగింది. కొన్నాళ్లుగా ముందు ఎడమ వైపు టక్, టక్ అని సౌండ్. స్పీడులో రాదు. నయీంనగర్ నుంచి కేయూ క్రాస్ రోడ్డు దాకా స్పీడ్ బ్రేకర్లు నిదానంగా ఎక్కి దిగుతుంటే వస్తుంది. ఇంటి గేటు ముందు స్టీరింగ్ మొత్తం తిప్పి రివర్స్ చేసేటప్పుడూ అంతే. ఎడమ టైరు లోపలి అంచు బాగా అరిగింది. షెడ్డులో చూపిస్తే లింక్ రాడ్లు, బుష్‌లు మార్చారు. సౌండ్ అలాగే ఉంది. మళ్లీ వెళ్తే జాకీ వేసి చక్రం ఊపి చూసి, "బాల్ జాయింట్ (చక్రాన్ని బండి కింది ఆర్మ్‌కు, అంటే కడ్డీకి కలిపే గుండు కీలు) గట్టిగానే ఉంది, షాకబ్జార్లు మార్చుదాం" అంటున్నారు. అమ్మను, పిల్లలను తీసుకుని మేడారం పోవాలి. పస్రా దాటితే అంతా అడవి, మధ్యలో ఏమైనా అయితే అని టెన్షన్. షాకబ్జార్లు మార్పించేయనా?

పరకాల బండి:
షాకబ్జారు పోతే దాని ఒంటి మీద ఆయిల్ కారిన జిడ్డు కనపడాలి, లేదా బానెట్ గట్టిగా నొక్కి వదిలితే బండి ఆగకుండా ఊగాలి. రెండూ లేకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకో. భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద రోజూ నడుపుతాను. ఈ సౌండ్ వస్తే నేనైతే మొదట బాల్ జాయింట్‌నే అనుమానిస్తాను.

ములుగు రోడ్డు షెడ్డు:
తమ్మీ, ముందు ఒకటి చెప్పు. జాకీ ఎక్కడ పెట్టి చూసిండ్రు? ఛాసిస్ కింద పెట్టి లేపితే ఆ చెకింగ్ లెక్కలోకి రాదు.

నీ బండికి ముందు డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు పట్టుకుంటాయి. కాయిల్ స్ప్రింగ్ కింది ఆర్మ్ మీద కూర్చుంటుంది. ముందు బరువంతా ఆ ఆర్మ్ నుంచి లోయర్ బాల్ జాయింట్ మీదుగానే చక్రానికి దిగుతుంది. ఛాసిస్ పట్టి లేపితే చక్రం గాలిలో వేలాడుతుంది గాని స్ప్రింగ్ ఊరుకోదు, ఆర్మ్‌ను కిందికి తోస్తూనే ఉంటుంది. ఆ బిగువులో అరిగిన బాల్ కూడా ఒక పక్కకు ఒత్తుకుని కదలదు. నువ్వు ఊపినా, భీముడొచ్చి ఊపినా గట్టిగానే అనిపిస్తుంది.

జాకీని కింది ఆర్మ్ కిందే పెట్టాలి, బాల్ జాయింట్‌కు ఎంత దగ్గరగా కుదిరితే అంత దగ్గర. టైరు నేల నుంచి నాలుగు వేళ్లు లేస్తే చాలు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టు. ఛాసిస్ కింద స్టాండు ఆనీ ఆననట్టు ఉంచు, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. ఇప్పుడు గడ్డపార టైరు కింద దూర్చి కొంచెం కొంచెం లేపుతూ వదులుతూ ఉండు, ఇంకొకరు టార్చి పట్టుకుని జాయింట్‌ను చూడాలి. ఆర్మ్ కదలకుండా పైన నకుల్ (చక్రం హబ్‌ను పట్టుకునే ఇనుప ముక్క) ఒక్కటే లేచి టప్‌మని పడుతుంటే దొంగ దొరికినట్టే. కంటికి ఆనకపోతే జాయింట్ పక్కన వేలు పెట్టి చూడు, సందులో మాత్రం పెట్టకు.

తర్వాత టైరును పైన, కింద పట్టుకుని లోపలికి బయటికి ఊపు. ఆట (లూజు) కనపడితే ఒకరిని బ్రేకు తొక్కమను. తొక్కగానే ఆట పోతే అది హబ్ బేరింగ్, బ్రేకు తొక్కినా ఉంటే బాల్ జాయింట్. టైరును కుడి ఎడమల పట్టుకుని ఊపితే వచ్చే ఆట చాలాసార్లు టై రాడ్ ఎండ్‌ది, అంటే చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ చివరి జాయింట్‌ది.

బాల్ జాయింట్‌ను కప్పే రబ్బరు బూటు వెనక వైపు కూడా చూడు, చాలామంది ముందు నుంచి చూసి వదిలేస్తారు. అది చిరిగితే వాన నీళ్లు లోపలికి పోతాయి, గ్రీజు, ఇసుక కలిసి ఆకురాయిలా బాల్‌ను అరగదీస్తాయి.

లూజు తేలితే మేడారం సంగతి తర్వాత, కాజీపేట దాకా కూడా పోవద్దు. లోయర్ బాల్ జాయింట్ ఊడితే చక్రం బయటికి పడి, బండి ఆ మూల రోడ్డు మీద కూలబడుతుంది. అప్పుడు స్టీరింగ్ నీ చేతిలో ఉండదు.

కరీంనగర్ ఎక్స్‌యూవీ:
నాది ఎక్స్‌యూవీ 500. నాకూ జాకీ ఆర్మ్ కిందేనా అన్నా?

ములుగు రోడ్డు షెడ్డు:
కాదు. నీది స్ట్రట్ బండి (స్ప్రింగ్, షాకబ్జారు కలిసి ఒకే నిలువు ముక్కగా ఉంటాయి), స్ప్రింగ్ ఆర్మ్ మీద ఉండదు, బరువు స్ట్రట్ మీదుగా పైకి పోతుంది. నీకు ఛాసిస్ దగ్గర లేపి చక్రాన్ని వేలాడదీసి చూడటమే కరెక్ట్.

హన్మకొండ డీజిల్:
అన్నా, వేరే షెడ్డులో నువ్వు చెప్పినట్టే చూపించా. ఎడమ లోయర్ బాల్ జాయింట్ లూజు, బూటు వెనక వైపు చిరిగి ఎండు మట్టి పట్టి ఉంది. బండి అక్కడే వదిలేశా. మార్చేటప్పుడు నేను ఏం గమనించాలి? కుడి వైపు కూడా మార్చాలా?

ములుగు రోడ్డు షెడ్డు:
మంచి పని చేసినవ్. పార్ట్ తెచ్చే ముందు ఛాసిస్ నంబర్ చెప్పి అడుగు. కొన్ని బండ్లకు జాయింట్ బోల్టులతో వస్తుంది, కొన్నిటికి ప్రెస్ చేయాలి, కొన్నిటికి ఆర్మ్‌తో కలిపే ఇస్తారు. ప్రెస్ చేసేదైతే సుత్తితో కొట్టి దించనివ్వకు, లేత్ షాపులో ప్రెస్ మీద దించమను.

విప్పేటప్పుడు కింది ఆర్మ్ కింద జాకీ ఉండాల్సిందే. స్ప్రింగ్‌లో బిగువుంది, తెలియక జాయింట్ విడదీస్తే ఆర్మ్ తన్నుకొస్తుంది. నట్టు మొత్తం తీయకుండా నాలుగు మరలు ఉంచి పుల్లర్‌తో వదులు చేయాలి. రెండు కొమ్ముల ఫోర్క్ సందులో దూర్చి కొట్టే పద్ధతికి బూటు చిరుగుతుంది. పారేసే జాయింట్‌కు పర్లేదు, ఉంచుకునే టై రాడ్‌కు మాత్రం వద్దు.

కొత్త జాయింట్ పిన్ను కూర్చునే టేపరు (ఒక పక్కకు సన్నబడే) రంధ్రం పొడిగా తుడవాలి, గ్రీజు రాయకూడదు. క్యాజిల్ నట్టు (పైన గాట్లున్న నట్టు) టార్క్ రెంచ్‌తో బిగించాక, అది వదులు కాకుండా ఆపే స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి, వెనక్కి వదులు చేసి కలపొద్దు. స్ప్లిట్ పిన్ కొత్తదే వెయ్యాలి, పాతది వంచి మళ్లీ వేస్తుంటే అక్కడే ఆపు.

కుడి వైపు కూడా అదే పద్ధతిలో చూపించు. ఆట లేకపోయి బూటు బాగుంటే ఊకె మార్చకు. మన దగ్గర రోడ్డు అంచు దిగి ఎక్కేది ఎడమ చక్రమే, ముందు అదే పోతుంది. వీల్ అలైన్‌మెంట్ అయ్యాకే బండి తీసుకో. లోపల బాగా అరిగిన ఆ టైరును తీగలు కనపడే దాకా ఆగకుండా మార్చెయ్.