కొన్న పేజ్‌మేకర్‌ను పాత ఎక్స్‌పీ సిస్టం నుంచి ఇంకో సిస్టంలోకి మార్చుకోవచ్చా?

హన్మకొండ డీటీపీ:

అందరికీ నమస్కారం. హన్మకొండ చౌరస్తా దగ్గర మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. లగ్నపత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు స్వాగత పోస్టర్లు, అన్నీ ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లోనే చేస్తున్నాం. సిస్టం 2006లో కొన్నది. విండోస్ ఎక్స్‌పీ దానితోనే వచ్చింది. సీపీయూ పక్కన హోలోగ్రాం స్టిక్కర్ ఉంది గాని దాని మీది అక్షరాలు సగం అరిగిపోయాయి. పేజ్‌మేకర్‌ను మాత్రం విడిగా, పెట్టెతో సహా, బిల్లు రాయించుకొని కొన్నాం. సీడీ నిండా గీతలు పడ్డాయి కాని, సీరియల్ నంబరున్న కాగితాన్ని మా నాన్న ఇంటి పత్రాలతో కలిపి బీరువాలో దాచి ఉంచారు. తెలుగు ఫాంట్ల ప్యాకేజీకి ఒక లాకు ఉంది. సీపీయూ వెనుక ప్రింటర్ పోర్టుకు గుచ్చి ఉండే, సగం అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క అది. దాన్ని తీస్తే తెలుగు టైపు కాదు.

నెల రోజులుగా సిస్టం సతాయిస్తోంది. పొద్దున స్విచ్ వేస్తే తేదీ 2002 జనవరి 1 అని చూపిస్తుంది, రెండుమూడు సార్లు రీస్టార్ట్ చేస్తే గాని డెస్క్‌టాప్ రాదు. మూత తీసి చూస్తే మదర్‌బోర్డు మీద రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది. రిపేరుకు వచ్చిన పిల్లవాడు, "కొత్త సిస్టం తీసుకోండి సార్, పెన్‌డ్రైవ్‌లో అన్నీ ఉన్నాయి, లాకు అవసరం కూడా లేకుండా చేసిస్తా, 500 ఇవ్వండి" అన్నాడు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీగా వాడుకోవడానికి నాకు మనసొప్పడం లేదు. చట్ట ప్రకారం నాకున్న దారి ఏమిటో, సాంకేతికంగా ఏది కుదురుతుందో తెలిసినవారు చెప్పగలరు.

వరంగల్ వకీలు:

మీ దగ్గర ఉన్నది ఒక లైసెన్సు అనుకోకండి, మూడు ఉన్నాయి. మూడింటి లెక్క వేర్వేరు.

సిస్టంతో కలిసి వచ్చిన విండోస్‌ను ఓఈఎం లైసెన్సు అంటారు. అది మీ పేరు మీద కంటే ఆ యంత్రం పేరు మీద ఉన్నదనుకోవడం మేలు, ఎందుకంటే ఆ సిస్టంను మీరు అమ్మితే లైసెన్సు కూడా దానితోనే వెళ్తుంది తప్ప, దాన్ని ఊడదీసి కొత్త సిస్టంకు తగిలించడానికి వీలుండదు. హార్డ్‌డిస్కు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ మార్చుకోవచ్చు. మదర్‌బోర్డు చెడిపోయినందువల్ల మార్చినా పాత లైసెన్సు నిలుస్తుంది. వేగం కోసం కొత్త బోర్డు వేయిస్తే మాత్రం దాన్ని కొత్త కంప్యూటర్‌గానే లెక్కిస్తారు.

పేజ్‌మేకర్ సంగతి మీకు అనుకూలంగా ఉంది. పెట్టెతో విడిగా కొన్న ప్రోగ్రాంను పాత సిస్టంలోంచి తీసేసి మరో సిస్టంలో వేసుకోవడానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అయినా పెట్టెలోని ఒప్పందం కాగితం ఒకసారి చదవండి. గీతలు పడ్డ సీడీకి ఇప్పుడే కాపీ తీసి పెట్టుకోండి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52(1)(ఏఏ) సెక్షన్, న్యాయంగా ప్రోగ్రాం కాపీ కలిగి ఉన్నవాడు అది పోకుండా, పాడవకుండా రక్షణగా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి అనుమతిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. అమ్మకం పన్ను గురించి టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ నడిచిన కేసులో, డిస్కు మీద అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకే అని సుప్రీంకోర్టు 2004లో తీర్పు ఇచ్చింది. దాన్ని పట్టుకొని "సరుకు నాది, ఎట్లయినా వాడుకుంటాను" అని వాదించేవారిని నేను చూశాను. డిస్కు మీదే, దాన్ని వాడుకునే హక్కూ మీదే; కాని అందులోని ప్రోగ్రాంపై కాపీరైట్ మాత్రం మీకు బదిలీ కాలేదు.

పెన్‌డ్రైవ్ సరుకు జోలికి వెళ్లకండి. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపారం కోసం వాడనివారి విషయంలో కోర్టు జైలు లేకుండా వదిలేయవచ్చు గాని, మీది వ్యాపారమే కదా.

లాకు తీయించడం మూడో సంగతి. 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాటును ఛేదించడాన్ని నేరంగా చెబుతుంది. డబ్బిచ్చి కొన్న లాకు మీ చేతిలోనే ఉంది కాబట్టి మీ ఉద్దేశం వేరని వాదించవచ్చు. అయితే ఆ వాదన కోర్టు మెట్లెక్కాక చేయాల్సింది. అంతకంటే ముందు ఫాంట్ల కంపెనీకి మీ బిల్లు నకలు జతచేసి, యూఎస్‌బీ లాకు ఇమ్మని ఉత్తరం రాయండి.

కాజీపేట సర్వీస్:

అన్నా, నేను ఇరవై ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. చిన్న సెంటర్లను ఎవరడుగుతారని ఒకప్పుడు నేనూ పెన్‌డ్రైవ్ పట్టుకొని తిరిగినవాణ్నే, అందుకే ఆ పిల్లవాణ్ని ఏమీ అనలేను. కాని మీ సమస్యకు కొత్త సిస్టం మందు కాదు. లాకు ఉన్నంత వరకు అది మీకు పనికిరాదు.

ఎందుకో చెబుతాను. కొత్త సిస్టంలలో ప్రింటర్ పోర్టు రావడం లేదు. బజారులో దొరికే యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ ప్రింటర్‌ను నడిపిస్తుంది గాని లాకును నడిపించదు, ఎందుకంటే లాకు ప్రోగ్రాం నేరుగా పోర్టు చిరునామాలో వెతుకుతుంది. ప్రింటర్ పోర్టు ఉన్న కార్డు విడిగా వేసినా ఒక్కోసారి దాని చిరునామా వేరుగా ఉండి లాకు దొరకదు. పైగా లాకు డ్రైవర్ 32 బిట్‌ది అయితే 64 బిట్ విండోస్ దాన్ని లోపలికే రానివ్వదు. కొత్త సిస్టం లోపలే పాత సిస్టంలా నడిచే వర్చువల్ సిస్టం పెట్టుకుందామన్నా ఆ పోర్టును దానికి చూపించడం తలనొప్పే, వకీలు గారు చెప్పిన ఓఈఎం ఎక్స్‌పీ అక్కడికి రాదు కూడా. అందుకు వాడే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాం ఉచితమే కాని, దానికి జోడించే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వ్యాపారానికి ఉచితం కాదు. ఇది చాలామంది చూడకుండానే వేసేస్తారు.

కాబట్టి పాతదాన్నే బాగు చేయించండి. మొదట సిస్టంను ఎక్కువసార్లు ఆన్ చేయడం మానండి. హార్డ్‌డిస్కు తీసి, వేరే సిస్టంకు తగిలించి, మొత్తం డిస్కును ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి క్లోన్ చేయించండి. ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే విండోస్, పేజ్‌మేకర్ రావు. బ్రాండెడ్ కంపెనీ సిస్టం అయితే ఎక్స్‌పీ బయోస్‌లోని (బోర్డు మీద ఉండే, సిస్టంను మొదలుపెట్టే ప్రోగ్రాంలోని) గుర్తును చూసుకుంటుంది కాబట్టి, అదే బోర్డులో క్లోన్ డిస్కు పెడితే యాక్టివేషన్, అంటే అసలు కాపీయేనని మళ్లీ నిర్ధారించుకోవడం, అడగకపోవచ్చు. తేదీ పోవడానికి కారణం బోర్డు మీది రూపాయి బిళ్లలాంటి సీఆర్ 2032 బ్యాటరీ. ఉబ్బిన కెపాసిటర్లను అదే వోల్టేజి, అదే మైక్రోఫారడ్ చూసి కొత్తవి టంకం పెడితే సరిపోతుంది. ఒకవేళ బయోస్ సెట్టింగులు చెరిగి, నీలి తెరపై 7బీ అనే ఎర్రర్ వస్తే భయపడకండి. డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉంటే ఐడీఈకి మార్చండి.

ఇంటర్నెట్ తీగ మాత్రం పీకేయండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది.

కరీంనగర్ ప్రెస్:

పై ఇద్దరూ చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట. బాగు చేయించిన బోర్డు ఎన్నాళ్లు వస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, అది నడుస్తున్న రోజుల్లోనే మీ పీఎండీ (పేజ్‌మేకర్) ఫైళ్లను బయటికి తెచ్చుకోవాలి. పేజ్‌మేకర్ తర్వాత అదే అడోబీ కంపెనీ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వరకు ఉన్న వెర్షన్లు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేవి; 2013లో వచ్చిన సీసీ వెర్షన్ నుంచి ఆ సౌకర్యం లేదు. మేము సీఎస్6తో తెరిచి చూశాం. పేజీ కొలతలు, గీతలు, బొమ్మలు బాగానే వచ్చాయి గాని ఆ పాత ఫాంటు లేని సిస్టంలో "శుభలేఖ" అని ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపించాయి. పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని సిస్టంలూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలవి) కావు కాబట్టి ఇది తప్పదు. అందుకే ప్రతి ముఖ్యమైన ఫైలునూ ఫాంట్లు ఇమిడ్చి పీడీఎఫ్‌గా కూడా దాచండి.

ఇన్‌డిజైన్ కూడా ఉన్న అడోబీ పాత ప్యాకేజీ సీఎస్2 ఉచితం అని ఎవరైనా లింకు పంపితే నమ్మకండి. 2013 జనవరిలో అడోబీ తన పాత యాక్టివేషన్ సర్వర్ మూసివేసి, యాక్టివేషన్ అడగని సీఎస్2ను సీరియల్ నంబర్లతో సహా వెబ్‌సైట్‌లో పెట్టింది. లోకమంతా పండుగ చేసుకుంది. అది ఇదివరకే కొన్నవారి కోసమేనని కంపెనీ ఆ వెంటనే స్పష్టం చేసింది.

హన్మకొండ డీటీపీ:

ముగ్గురికీ ధన్యవాదాలు. డిస్కు క్లోన్ అయింది, యాక్టివేషన్ అడగలేదు. కెపాసిటర్లు, బ్యాటరీ మార్పించిన తర్వాత నాలుగు రోజులుగా తేదీ సరిగ్గా నిలుస్తోంది. సీడీ కాపీ మూడో ప్రయత్నంలో ఎలాగో పూర్తయింది, దాన్ని కూడా బీరువాలో ఆ కాగితం పక్కనే పెట్టాను. ఫాంట్ల కంపెనీకి బిల్లు నకలుతో ఉత్తరం రాశాను, ఇంకా జవాబు లేదు. లగ్గాల సీజన్ మొదలవకముందే పీడీఎఫ్‌లు తీసే పని పెట్టుకున్నాం. 2006 నుంచి ఉన్న ఫైళ్లు కాబట్టి మా తమ్ముడు రోజుకు ఒక ఫోల్డర్ చొప్పున చేస్తున్నాడు. ఇదే మోడల్ కాలానికి చెందిన, ప్రింటర్ పోర్టు ఉన్న పాత మదర్‌బోర్డు వరంగల్‌లో గాని కాజీపేటలో గాని ఎవరి దగ్గరైనా ఉంటే ధర చెప్పగలరు. ముందు జాగ్రత్తకు ఒకటి కొని పెట్టుకుంటాను.